రెండు పొయ్యిల దీక్ష

మా పై వాటాలో అద్దెకుండే ఊటె చెప్పిన మాట నాకు "ట్రైనింగ్ ఇయర్" అని వినబడింది. అది నా తప్పు కాదు. ముప్ఫయ్యేళ్ళుగా పోర్టు ట్రాఫిక్ ఆఫీసులో క్రేన్ల మోత వింటున్న చెవులు నావి. వాటిలో ఏదైనా పడిందంటే అదే గొప్ప.

కార్తీకం వచ్చింది. ఏటా వేసుకున్నట్టే అయ్యప్ప మాల వేసుకున్నాను. మర్నాడు పొద్దున్నే ప్రసాదం పట్టుకుని పై వాటాలోకి వెళ్ళాను. పెదవాల్తేరులో మా ఇల్లు. కింద వాటా ఎలమంచిలిది, అంటే నాదీ నా భార్య నాగశ్రీదీ. పై వాటా జర్మనీది. కొత్త బెర్తులో క్రేన్లు బిగించడానికొచ్చిన ఇంజనీరు రైనర్, అతని భార్య ఊటె. రైనర్ అన్న పేరు మా వీధిలో రెండు రోజులే బతికింది, మూడోనాటికి రాయుడైపోయాడు. ఊటె ఎలాగూ ఊటీయే, చల్లటి మనిషి. నేను అతనికి నేర్పిన మొదటి తెలుగు మాట 'బావా'. రెండోది 'ఏటి'. ఆ రెండూ ఉంటే విశాఖపట్నంలో ఎంత దూరమైనా వెళ్ళిపోవచ్చు. రెండేళ్ళలో అతను చాలా దూరమే వచ్చాడు.

ఆ రోజు వాళ్ళ వంటింట్లోకి తొంగి చూస్తే ఈ చివర గ్యాసు పొయ్యి, ఆ చివర కరెంటు పొయ్యి. ఫ్రిజ్ తలుపు తీసి ఉంది. లోపల అరల మధ్య నీలం రంగు టేపు అంటించి ఉంది. అటు వెన్నా జున్నూ, ఇటు నాగశ్రీ ఇచ్చిన ఆవకాయ సీసా. పక్క గదిలో నేలమీద చాప, దిండు, మడత పెట్టిన దుప్పటి. రైనర్ బాత్రూంలో తన చొక్కాలు తనే పిండుకుంటున్నాడు. గడ్డం బెత్తెడు పెరిగింది.

"ఏటి రాయుడూ, వంటింట్లో బోర్డరు గీసేరు? వీసా కావాలేటి?" అన్నాను.

అతను తలెత్తలేదు. ఊటె తెలుగులో మొదలెట్టి, ఇంగ్లీషులోకి దిగి, చివరికి రెండూ వదిలేసి తన భాషలో ఒక్క మాటంది. దాన్నే నేను ట్రైనింగ్ ఇయర్ అని విన్నాను.

వేరే పొయ్యి, చాప మీద పడక, గడ్డం, బట్టలు తనే ఉతుక్కోవడం. పైగా మనిషెప్పుడూ నల్ల టీషర్టే. కార్తీకంలో వీటన్నిటినీ ఒకచోట చూసి ఏమిటని అడిగే తెలుగువాడుంటాడా? దీక్ష! అయితే ఇది మాల వేసుకోకముందు ఏడాది పాటు చేసే ట్రైనింగన్నమాట. జర్మన్లు కదా, టెస్టింగు చెయ్యనిదే క్రేనైనా ఎత్తరు, కొండైనా ఎక్కరు.

మెట్లు దిగుతూనే మా గురుస్వామి వరహాలుకి ఫోను చేశాను. ఆయన పద్దెనిమిదిసార్లు శబరిమల వెళ్ళొచ్చిన మనిషి.

"మాల నేకండా ఏడాది దీచ్చా!" అన్నాడు వరహాలు. "మనోళ్ళు నలబై ఒక్క రోజులకే సుట్ట కోసం సందులెతుకుతారు. మారాజు! అలాటోడు మీ మేడ మీదున్నాడంటే నీ ఇల్లే సన్నిధానం, గవర్రాజూ."

సాయంత్రానికి వీధంతా తెలిసింది. తెలియదా మరి, చెప్పింది నేను. పెళ్ళి సంగీత్ అయినా, రిటైర్మెంటు సభ అయినా, అపార్టుమెంటు వినాయకుడైనా మన వైపు మైకు నాదే. ఇంటి పన్ను ఏడాదికోసారి కడతాను, నోటి పన్ను నిమిషానికోసారి వదులుతాను.

ఒక్క నాగశ్రీ మాత్రం, "అది దీచ్చ కాదు స్వామీ," అంది. మాలలో ఉన్నన్నాళ్ళూ భార్యకైనా మొగుడు స్వామే.

"మరేటి? దీచ్చ కాపోతే అదేటి శిచ్చా?" అన్నాను. అని నేనే నవ్వాను. ఆవిడ భిక్ష గిన్నెలు కడుక్కోడానికి వెళ్ళిపోయింది.

ఆ నెలంతా రైనర్ రోజూ భజనకొచ్చాడు. వెనక వరసలో కూర్చుని తాళం తప్పుతూ చప్పట్లు కొట్టేవాడు. జనం అతనికి రాయుడు స్వామి అని దణ్ణాలు పెట్టి, అరటిపళ్ళిచ్చి, పక్కన నిలబడి ఫోటోలు దిగేవారు. అతను అన్నిటికీ తలూపేవాడు. ఆ తలూపుడులో నాకు భక్తి కనబడింది.

మార్గశిరం మొదట్లో ఒక తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం చేసి, చెప్పుల్లేకుండా బీచి రోడ్డు వైపు బయల్దేరితే గేటు దగ్గర రైనర్ నిలబడి ఉన్నాడు. ఇద్దరం నడిచాం. జాలారిపేట దగ్గర పడవలు ఒడ్డుకి లాగుతున్నారు.

"బావా," అన్నాడు. "నాను స్వామిని కాదు."

"మాల నేదని బెంగేటి? వచ్చే ఏడు వరహాలే ఏస్తాడు నీకు."

"కాదు బావా. నాను మొగుడిని. ఊటె వద్దంతంది."

నేను నవ్వబోయాను. అతని మొహం చూసి మానేశాను. తనకొచ్చిన తెలుగంతా కూడగట్టుకుని అతను చెప్పింది ఇదీ. పోయిన జనవరిలో ఊటె కొన్నాళ్ళు వేరుగా ఉందామంది. పొయ్యి వేరు, పక్క వేరు, ఉతుకు వేరు. అలిసిపోయింది కాబోలు, ఉండనీ అనుకుని అతను ఒప్పుకున్నాడు. ఆవిడ మాత్రం ఆ రోజు నుంచీ లెక్కపెట్టుకుంటోంది. వాళ్ళ చట్టంలో విడాకులకి ముందు ఏడాది ఎడంగా బతకాలి. ఆ ఏడాదికి ఒక పేరుంది. ట్రెన్నుంగ్స్‌యార్. ఎడబాటు సంవత్సరం.

"నాను పాజ్ అనుకున్నాను," అన్నాడు రైనర్. "ఆవిడ స్టాప్ అనుకుంది."

అతనికి కావలసిందల్లా ఇంకొంత కాలం. క్రేన్ల పని ఇంకో ఏడాది ఉంది. జనవరి నుంచి ఎడబాటు లేదని తేలితే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. ఆ ఏడాదిలో ఊటె మనసు మారుతుందని అతని ఆశ. మారకపోతే ఆవిడ బెర్లినుకి, అతను ఇంకో రేవుకి.

"మనకో లాయరున్నాడు పద," అన్నాను.

లాయరు సీతారామాంజనేయులుగారి ఆఫీసు వన్ టౌన్‌లో, ఎండుమిర్చి హోల్‌సేల్ కొట్టు మీద. మెట్లెక్కేసరికి క్లయింటు తుమ్ముతాడు, దగ్గుతాడు, కళ్ళు తుడుచుకుంటాడు. అంచేత ఆయన దగ్గరికి అందరూ ఏడుస్తూనే వస్తారు. పేరు బోర్డు ఎంత పొడుగంటే, చదవడం పూర్తయ్యేలోపు ఒక వాయిదా అయిపోతుంది.

ఆయన అంతా విన్నారు. "మన కోర్టుకి రావద్దు బాబూ," అన్నారు. "ఇద్దరూ జర్మన్లు, పెళ్ళయిందీ అక్కడే. ఇక్కడ ఎలాగోలా తీర్పు తెచ్చుకున్నా, అది చెల్లుతుందని మళ్ళీ అక్కడ అనిపించుకోవాలి. రెండు పెళ్ళిళ్ళంత ఖర్చు."

"కాన్సులేటు ఇవ్వదేటండీ?" అన్నాను.

"కాయితాల మీద ముద్ర కొడుతుంది, కాపురాల మీద కొట్టదు. పై దేశాల్లో ఉండే జర్మన్ల కేసులకి బెర్లిన్‌లో ఓ కోర్టుంది. అక్కడి లాయరే దాఖలు చెయ్యాలి. మరి ఏ దేశం చట్టం?"

"పెళ్ళినాడే రాసుకున్నాం. నోటరీ దగ్గర. మా చట్టమే," అన్నాడు రైనర్.

"అయితే మీరన్న ఆ ఏడాదే ముఖ్యం. ఇద్దరూ సరే అంటే ఏడాది చాలు. ఒకరు కాదన్నా, కాపురం చెడిందని రెండోవారు రుజువు చేస్తే ఏడాదికే ఇచ్చేస్తారు, లేకపోతే మూడేళ్ళ దాకా లాగొచ్చు. ఇంతకీ, ఒకే కప్పు కింద ఉన్నా ఎడబాటే అంటారు వాళ్ళు. బల్లా పడకా వేరైతే చాలు."

"ఒకే కప్పు కింద ఎడబాటా!" అన్నాను. "అలాగైతే మన ఊళ్ళో సగం మందికి అయిపోయినట్టే!"

లాయరుగారు నవ్వారు. రైనర్ నవ్వలేదు.

"ఇలాంటివాటిలో ఇంటి ఓనరు మాటకి బలం," అన్నారు ఆయన.

నేను గుండె మీద చెయ్యేసుకున్నాను. చెయ్యి మాల పూసలకి తగిలింది. "ఓనర్ని నానే. ప్రతి ఆదివారం మా ఇంట్లో ఒకే బల్ల కాడ తిన్నారు, ఒకే పప్పు, ఒకే చారు. నాను రాసిత్తాను. మాలలో ఉన్నోడిని, నా నోట అబద్దం రాదు."

రైనర్ నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. మెట్లు దిగేదాకా వదల్లేదు. మిర్చి కొట్టు వాళ్ళు మమ్మల్ని వింతగా చూశారు.

నాలుగో రోజున నేను పంచె కట్టుకుంటుంటే అతను కిందికొచ్చాడు. చేతిలో ఫోను. బెర్లిన్‌లో ఊటె తరఫు లాయరు, కోర్టుకిచ్చిన కాయితాల కాపీలు అతనికి పంపాడట. ఒక పేజీ నా ముందు పెట్టాడు.

ఇంగ్లీషులో ఉంది. కింద సంతకం చూస్తే గవర్రాజు. చివర నేను పెట్టే కొక్కెం, దాని కింద రెండు చుక్కలతో సహా. దాని పక్కన, సాక్షిగా, గుండ్రటి అక్షరాల్లో నాగశ్రీ.

'ఈ ఇంటి యజమానిగా నాకు తెలిసినది. జనవరి రెండో వారం నుంచి వీరిద్దరూ వేర్వేరు గదుల్లో ఉంటున్నారు. వంట వేరు. బట్టలు ఉతుక్కోవడం వేరు. మా ఇంటికి భోజనానికి వచ్చినా ఇద్దరూ వేర్వేరు అతిథులుగానే వస్తారు.'

"బావా," అన్నాడు రైనర్. "ఈ సంతకం నీదేటి?"

"నాదే."

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు. కోప్పడితే బాగుండేది. "ఇంకో కాయితం రాత్తావా బావా? తప్పయిందని?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

మార్గశిరం అంటారు గానీ, నాకా పూట మార్గమూ కనబడలేదు, శిరమూ పని చెయ్యలేదు. నాకు తెలియకుండా నా సంతకం జర్మనీ వెళ్ళొచ్చింది! విదేశీయులకి ఇల్లు అద్దెకిస్తే పోలీసువారికి ఏవో ఫారాలు పంపుతూ ఉండాలి. ఆ కాయితాలన్నీ చూసేది నాగశ్రీ. బియ్యే చదివింది, పెళ్ళికి ముందు బళ్ళో ఇంగ్లీషు చెప్పింది. ఆవిడ చూపించిన చోట నేను సంతకం పెడతాను, అంతే. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆ చూపుడువేలిని నేను ఒక్కసారీ అనుమానించలేదు.

వంటింట్లోకి వెళ్ళాను. భిక్ష వండుతోంది.

"ఎప్పుడు పెట్టించేవు నా చేత?"

దేని గురించని అడగలేదు. "దసరా ఎల్లిన మంగళారం."

"మోసం కాదేటి?"

"సదివి ఇనిపించేను. ఈ బల్ల కాడే, మొదట్నించి సివరిదాకా. ఇంగ్లీసూ సదివేను, తెలుగూ సెప్పేను."

"నాకు తెలీకండా..."

"'సపరేట్' అన్న మాట రాగానే మీరు 'సాపాటు రేటా, ప్లేటెంతేటి' అన్నారు. నవ్వేరు. నవ్వుతానే సంతకం పెట్టీసేరు."

అప్పుడు గుర్తొచ్చింది. కాయితం కాదు, జోకు. సాపాటు రేటు! ఆ వారమే గాజువాకలో ఒక రిటైర్మెంటు సభలో వాడాను. భోజనాల ముందు కావడంతో హాలు అదిరిపోయింది.

"నా బుర్రకెక్కలేదని నీకు తెలుసు కదే. ఇంకోసారి సెప్పకూడదా?"

నాగశ్రీ అన్నం గంజి వార్చింది. మూత పెట్టింది. నాకేసి తిరిగింది.

"సెప్పొచ్చు. సెప్పలేదు. కావాలనే సెప్పలేదు స్వామీ. సెప్తే మీరు ఈధంతా సాటింపేసీసి, ఇద్దర్నీ కూకోబెట్టి రాజీ సేసీసి, దాని మీద మైకులో ఇంకో జోకు కట్టీసుందురు. ఆ పిల్ల రోజులు లెక్కెట్టుకుని బతికింది. నా ఒళ్ళో తలెట్టుకుని ఏడిసింది. మీకు దీచ్చ కనబడింది."

"అంటే నువ్వు నా పచ్చం కాదన్నమాట."

"మీ పచ్చం ఏటో నాకు తెలీదు," అంది. గొంతు పెంచలేదు. "సాచ్చి సెప్పాలని బెర్లిన్ లాయరు పంపిన ప్రశ్నలు ఊటె నన్ను అడిగింది. ఒకే పొయ్యా? ఒంట్లో బాగోపోతే ఒకరినొకరు సూసుకుంటారా? సాయంత్రం కూకుని ఏటి మాటాడుకుంటారు? నాను ఒక్కోదానికీ సెప్పుకుంటా పోయేను. సగం రాసేక ఊటె పెన్ను ఆపీసి నాకేసి సూసింది. నాను వాళ్ళ గురించి కాదు, మన గురించి సెప్పీసేనంట. ఆ కాయితం సింపీసి మళ్ళీ మొదలెట్టింది."

పొయ్యి మీద చారు పొంగింది. ఆవిడ మంట తగ్గించింది.

"సాయంత్రం ఏటి మాటాడుకుంటారన్నదానికి ఏటి సెప్పేవు?" అని అడిగాను.

"ఆయన మాటాడతారు అన్నాను."

ఆకు వేసి భిక్ష వడ్డించింది. తిన్నాను. మాలలో కోపం రాకూడదు, అందుకని రాలేదని చెప్పుకున్నాను. నిజానికి నా ఇంట్లోనే, నా బల్ల దగ్గరే, నా పెన్నుతోనే నా వెనక ఇంత జరిగిందే అని వచ్చింది. పరాయి మనిషి కన్నీళ్ళకి ఒళ్ళిచ్చింది. మొగుడికి మాటివ్వలేదు. ఆదివారం దాకా ఆవిడతో స్వామి శరణం తప్ప ఇంకో మాట అనలేదు. ఆవిడకేమీ తేడా తెలిసినట్టు లేదు. అది ఇంకా మండించింది.

రైనర్‌కి ఇంకో కాయితం రాద్దామనే కూర్చున్నాను. ఒకే బల్ల, ఒకే పప్పు. అబద్ధమేముంది? కలం పట్టుకున్నాక ఆదివారం దాకా ఆగుదాం, ఒక్కసారి చూసి రాద్దాం అనిపించింది.

ఆదివారం ఊటె ముందు దిగింది. పది నిమిషాల తరవాత రైనర్ దిగాడు. ఎదురెదురుగా కూర్చున్నారు. నేను ఆ రోజు నోరు మూసుకుని చూశాను. రైనర్ గోంగూర పచ్చడి కోసం చూశాడు. అది ఊటె మోచేతి పక్కనే ఉంది. అతను అడగలేదు, ఆవిడ జరపలేదు. నాగశ్రీ ఇటు నుంచి చుట్టూ తిరిగి వెళ్ళి గిన్నె అందుకుని అతనికి వడ్డించింది. ఆవిడకది అలవాటులా ఉంది. ఊటె నీళ్ళు పోసుకుంది, తన గ్లాసులోనే. భోజనం అయ్యాక ఊటె నాగశ్రీకి చెప్పి వెళ్ళింది, రైనర్ నాకు చెప్పి వెళ్ళాడు. రెండేళ్ళుగా ఆ బల్ల దగ్గర నేను నవ్విస్తున్నాననుకున్నాను. ఇన్ని ఆదివారాలూ వాళ్ళిద్దరూ నావైపే ఎందుకు చూశారో అప్పుడు అర్థమైంది.

కాయితం రాయలేదు. రాయలేదని అతనికి చెప్పలేదు కూడా. ఎదురుపడకుండా ముందే ఆఫీసుకి వెళ్ళి, ఆలస్యంగా వచ్చేవాణ్ణి. జోకులు లేనివాడికి ధైర్యం ఉండదని అప్పుడే తెలిసింది.

ఆ గురువారం సాయంత్రం మా ఇంటి ముందు పడిపూజ. షామియానా వేశారు. పద్దెనిమిది మెట్లు కట్టి, పూలు చుట్టి, మెట్టుకో దీపం పెట్టారు. వీధి వీధంతా వచ్చింది. ఒకవైపు మగవాళ్ళు, ఒకవైపు ఆడవాళ్ళు. వడ్డన గిన్నెల దగ్గర నాగశ్రీ, పక్కన చీర కట్టుకున్న ఊటె. మైకు నా చేతిలో.

వరహాలు లేచాడు. ఒక చేతిలో తులసిమాల, ఒక చేతిలో వెలిగించిన వత్తి. "ఈయేడు మొదటి మెట్టు దీపం నాను ఎలిగించను," అన్నాడు. "మాల నేకండానే ఏడాది పొడుగునా దీచ్చ సేసిన రాయుడు స్వామి ఎలిగిస్తాడు. ముందు ఆ స్వామి మెళ్ళో మాలేస్తాను. రా స్వామీ!"

శరణుఘోష మిన్నంటింది. నలుగురు కలిసి వెనక వరసలోంచి రైనర్‌ని లేపి ముందుకి తెచ్చారు. వరహాలు మాల పట్టుకుని చేతులెత్తాడు. రైనర్ ఒక్క అడుగు వెనక్కి వేశాడు.

"నాను స్వామిని కాదు," అన్నాడు.

అందరూ నవ్వారు. "ఎంత ఇనయమో సూడండి!" అన్నాడు వరహాలు.

రైనర్ నావైపు తిరిగాడు. ఆదివారం భోజనం తరవాత మొదటిసారి మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. "సెప్పు బావా," అన్నాడు. "నువ్వే సెప్పు. కాయితం సంగతి కూడా."

మైకు నోటి దగ్గర పెట్టుకున్నాను. నేను నోరు తెరవకముందే ముందు వరసలో ఇద్దరు నవ్వడం మొదలెట్టారు.

"రాయుడిది దీచ్చ కాదు," అన్నాను. "నాను తప్పు సెప్పేను. ఆళ్ళ దేశంలో మొగుడూ పెళ్ళాం ఇడిపోవాలంటే ముందు ఏడాది ఏరుగా బతకాలి. పొయ్యి ఏరు, పక్క ఏరు. ఆ ఏడాది పేరు ఆవిడ సెప్తే నాను ట్రైనింగ్ అనుకున్నాను. సాప సూసి దీచ్చ అనుకున్నాను. గెడ్డం సూసి భక్తి అనుకున్నాను. ఆయన గెడ్డం గీసుకోకపోడానికి కారణం ఏరే."

షామియానా దద్దరిల్లింది. ఎవరో ఈల వేశారు. నా జీవితంలో అంత పెద్ద నవ్వు నాకెప్పుడూ రాలేదు.

"నవ్వకండి," అన్నాను. దానికి ఇంకా నవ్వారు. ఆగి, మళ్ళీ చెప్పాను. "ఊటెమ్మ కోర్టుకెట్టుకుంది. జనవరి నుంచి ఏరుగా ఉన్నారని నాను సంతకం పెట్టేను. అది అబద్దమని ఇంకో కాయితం రాయమని నా బావ అడిగేడు. రాయలేను. అది నిజమే. నాను కళ్ళారా సూసేను."

నవ్వు ముందు వరస నుంచి వెనక్కి ఆరిపోతూ వెళ్ళింది. రైనర్ తల దించుకున్నాడు. వరహాలు చేతిలోని మాలని మెల్లగా కిందికి దించి, వెళ్ళి తన పాత చోటులో కూర్చున్నాడు. ఊటె చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వరహాలు వత్తిని పక్కవాడి చేతికిచ్చాడు. "అదేటి గవర్రాజూ," అన్నాడు. "నీ మేడ మీదే కదా. ఏడాదయి నీకు తెలీదా?"

"నాగశ్రీకి తెలుసు."

అన్ని తలలూ ఆడవాళ్ళ వైపు తిరిగాయి. నాగశ్రీ గరిట పట్టుకుని నిలబడి ఉంది. నన్నే చూస్తోంది. దసరా మంగళవారం మాటా, కావాలనే చెప్పలేదన్న మాటా నా నాలిక చివర ఉన్నాయి. ఒక్క మాటంటే చాలు, వీధంతా నా వైపు.

"మరి నీకు సెప్పలేదా?" అన్నాడు వరహాలు.

"సెప్పింది గురుస్వామీ," అన్నాను. "నాను ఇనలేదు."

జోకు ఇంకా ఉందనుకుని జనం ఎదురుచూస్తున్నారు. మైకు వరహాలు చేతికిచ్చేసి, వెళ్ళి రైనర్ పక్కన కూర్చున్నాను. అతను దూరం జరగలేదు, చోటూ ఇవ్వలేదు.